మంచు మొన మీద ఇరవై ఏడు పిక్కులు

గుడ్డ చూసే పనిలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు నా దగ్గరికి వచ్చి, ముందు ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. భూతద్దం కింద పోగులు లెక్కపెట్టడం రెండు రోజుల్లో వస్తుంది. నూలు నంబరు, బరువు, పొడవు లెక్కలు ఆరు నెలల్లో వస్తాయి. నేను చెప్పగలిగింది ఆ తర్వాతి సంగతి. మరమగ్గాల ఊరు భివండిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఈ పని చేసి, యాభై రెండో ఏట నా అంతట నేనే మానేశాను. ఏ సేఠ్ దగ్గర ఎన్నేళ్ళు ఉన్నాను, జీతం ఎప్పుడు పెరిగింది అనేవి ఎవరికీ పనికిరావు. నేను పాస్ చేసిన ఒక గుడ్డ గురించి మాత్రం రాస్తాను. అది భూమి అడుగున, మంచు ఖండం అంచున, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక రాతి మొన దాకా పోయింది. దాని వెంట నేనూ పోయాను. నాతో వచ్చిన నా భార్య తమ్ముడు మల్లేశం అక్కడ ఆరు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అతను లారీల మీద కప్పే తాడిపత్రీలు కుట్టేవాడు. ఆ వేళ్ళే అతని బతుకు.

నా లెక్క

సిరిసిల్ల దగ్గర మా ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. పదహారేళ్ళకు భివండి వచ్చి, అక్కడి టెంఘర్‌లో ఎనిమిదేళ్ళు సాంచాలు నడిపాను. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. దాని మీద నుంచి దిగే గుడ్డ చుట్ట తాకా. అంగుళం గుడ్డలో అడ్డంగా ఎన్ని పేక పోగులు పడ్డాయో అది పిక్కు. ముప్పై రెండు పిక్కులు కావాలని అడిగితే ముప్పై రెండు ఉన్నాయో లేదో చూసి చెప్పడమే మన పని. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ముప్పై రెండు అడిగితే భివండిలో ముప్పై వస్తుంది. ‘దో పిక్ మాఫ్’ అంటారు. రెండు పోగులు తగ్గినా చూసీ చూడనట్టు వదిలేయాలి. ఎక్కడా రాసి లేదు. నేసేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, చాలాసార్లు కొనేవాడికీ తెలుసు. ఇంకో అలవాటు కూడా ఉంది. చూసేవాడు తాకా మొదటి కొస మూరెడు విప్పి లెక్కపెడతాడు, చివరి కొస మూరెడు లెక్కపెడతాడు. అందుకని ఆ రెండు కొసలూ బిగువుగా నేసి, మధ్యలో సాంచాకు పళ్ళ చక్రం మార్చి పోగులు తగ్గిస్తారు. మధ్యలో చూడాలంటే తాకా మొత్తం విప్పి మళ్ళీ మడవాలి. రోజుకు అరవై తాకాలు చూసే మనిషికి అది కుదరదు.

విప్పకుండానే పట్టుకునే ఉపాయం నేను కనిపెట్టాను. మగ్గం మీద నిలువు పోగులు, అంటే పడుగు, తెగకుండా నూలుకు గంజి పట్టిస్తారు. తాకాను తూకం వేసి, అందులో గంజి నూటికి ఎనిమిది తీసేసి, మిగిలిన నూలు బరువును పొడవు, వెడల్పు, నూలు ఎంత సన్నమో చెప్పే నంబరులతో లెక్క కడితే మధ్యలో ఎన్ని పోగులున్నాయో తేలిపోతుంది. ఎవరూ నేర్పలేదు. నూలు బస్తాల మీద అంటించే చీటీల వెనక రాసుకుంటూ రెండేళ్ళలో కుదుర్చుకున్నాను. పక్క ఊరు కాశేలి నుంచి కూడా వచ్చి చేయించుకునేవారు. దానికి నర్సయ్య లెక్క అని పేరు పడింది. అంచు మీద నీలం పెన్సిలుతో నేనొక గీత గీసి అంకె వేస్తే, ఆ తాకాను మళ్ళీ ఎవరూ చూసేవారు కాదు.

గంజి నూటికి ఎనిమిది అన్నది నేను అనుకున్న అంకె. ఎవరైనా గంజిలో తెల్లమన్ను కలిపి, ఎనిమిదికి బదులు పన్నెండు పట్టిస్తే, లోపల పోగులు తగ్గినా బరువు సరిపోతుంది. ఆ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. నేసేవాళ్ళకు తెలియదనుకున్నాను.

సేఠ్

తొంభైల చివర్లో, భివండి శివారు కాల్హేర్‌లో తాడిపత్రీల గోదాం ఉన్న ఒక సేఠ్ దగ్గర పనిచేసేవాణ్ణి. మంచు ఖండానికి శాస్త్రవేత్తలను తీసుకుపోయే ఒక బృందానికి గుడారాల గుడ్డ కావాలని ఆయనకు ఆర్డరు వచ్చింది. ఇనుప చట్రం మీద తొడిగే దళసరి గుడ్డ. పడుగు నలభై, పేక ముప్పై రెండు. టెంఘర్‌లో, సిరిసిల్ల నుంచి వచ్చిన మావాళ్ళవే నాలుగు బరువు సాంచాల మీద నేయించారు. నేను తూకం వేసి, కొసలు చూసి, ముప్పై అని గీత గీశాను. మల్లేశం దాన్ని కత్తిరించి కుట్టాడు.

మొదటి ఎండాకాలంలోనే ఆ గుడారం పైకప్పు చిరిగింది. అక్కడ మనుషులకు ఏమీ కాలేదు కానీ ఉత్తరం వచ్చింది. మరుసటి ఏడు ఓడ బయలుదేరేటప్పుడు గుడ్డ తెలిసిన మనిషిని ఒకణ్ణి, కుట్టేవాణ్ణి ఒకణ్ణి పంపాలని అడిగారు.

సేఠ్ నన్ను కూర్చోబెట్టి చాయ్ పోయించాడు. “నర్సయ్యా, తూనే పాస్ కియా, తూ హీ జా,” అన్నాడు. నువ్వే పాస్ చేశావు, నువ్వే వెళ్ళు అని. “ఠీక్ సే దేఖ్ కే ఆ. వహాఁ హవా బహుత్ హై, సునా హై.” అక్కడ గాలి చాలా ఎక్కువని విన్నాడట.

అంతే. అబద్ధం రాయమని అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను తిట్టే యజమానులను చూశాను, కొట్టడానికి వచ్చినవాణ్ణి ఒకణ్ణి చూశాను. వాళ్ళెవరూ నన్ను పాడుచేయలేదు. ‘సరిగ్గా చూసిరా’ అని మెత్తగా చెప్పి, దేన్ని చూడాలో కూడా పక్కనే చెప్పే యజమాని దగ్గర జాగ్రత్తగా ఉండండి. అతను చెప్పింది మీరే అనుకున్నట్టు మీకు అనిపిస్తుంది.

ఇంట్లో నా భార్య లక్ష్మి సంచి సర్దుతూ అంది: “మా తమ్మునికి ఈత రాదు. నీకొస్తదా?”

“నాకు లెక్కలొస్తయి.”

“అయితె మునిగినంక ఎంత లోతున్నదో చెప్తవు తియ్యి.”

మల్లేశం నవ్వాడు. అప్పటికి అతనికి ముప్పై నాలుగేళ్ళు.

మొన

ఓడలో ఇరవై ఆరు రోజులు. మల్లేశం మొదటి నాలుగు రోజులూ బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “బావ, భివండిల తిన్నదంత పోయింది. ఇగ సిరిసిల్లల తిన్నదే మిగిలింది,” అనేవాడు. నాకు వాంతులు కాలేదు. రోజుకు ఎన్ని మైళ్ళు నడిచామో బోర్డు మీద రాసేవాళ్ళు, దాన్ని కూడుకుంటూ ఉండేవాణ్ణి.

ఓడ మంచు దగ్గర ఆగిపోతే అక్కడి నుంచి హెలికాప్టరులో దించారు. ఆ చోటుకు మ్యాపులో ఏదో పేరుంది. పనివాళ్ళందరూ నోక్ అనేవాళ్ళు, మొన అని. పొడవు రెండు కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా అరకిలోమీటరు మించదు. ఒక గరిక పోచ లేదు. నల్లటి, ఎర్రటి రాయి, రాళ్ళ సందుల్లో పాతబడిన మంచు, మూడు పక్కలా సముద్రం. మా గుడారం మొన చివర ఉంది. రాళ్ళు కొలిచేవాళ్ళు, పక్షులను లెక్కపెట్టేవాళ్ళు కలిసి మేం ఎనిమిది మందిమి. వెనక్కి మూడు కిలోమీటర్ల దూరంలో గట్టు అవతల ఇనుప గది ఒకటి ఉంది. గట్టిది. కానీ అక్కడికి మారితే మొన మీద పని సాగదు, ఆ ఏడాది వచ్చినందుకు ఫలితం ఉండదు.

పెంగ్విన్లు వరసగా పోతుంటే మల్లేశం చూపించాడు. “బావ, చూడు, సేఠ్‌లు మీటింగ్‌కు పోతున్నరు. అండ్ల మనోడు కూడ ఉన్నడు, కడుపు చూడు.”

ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. సాంచాల మోతలో బతికినవాళ్ళ గొంతులు అలాగే అయిపోతాయి. మా నాయకుడు, రాళ్ళ శాస్త్రం చదివిన పెద్దమనిషి, మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారా అని ఒకసారి వచ్చి అడిగాడు. లేదు, పప్పులో ఉప్పు చాలిందా అని అడుగుతున్నాడు అని చెప్పాను. గాలి లేనప్పుడు ఆ చోట ఏ చప్పుడూ ఉండదు. నా చెవుల్లో సాంచాలు మాత్రం ఆడుతూనే ఉండేవి. పొద్దు గుంకదు కనుక గడియారం చూసి పడుకునేవాళ్ళం. అక్కడికి పోయిన చాలామంది అది అందమైన చోటు అంటారు. నాకు అది మనిషి ఉన్నా లేనట్టే లెక్కగట్టే చోటుగా కనిపించింది. భయమేసింది.

పదకొండు చోట్ల

మొదటి ఏడు చిరిగిన కప్పును రాళ్ళ కింద దాచిపెట్టారు. నేను దాన్ని బయటికి లాగి పరిచాను. మంచు కరిగిన నీళ్ళలో నెలల తరబడి నానింది. చేత్తో పట్టుకుంటే అరచేతికి తెల్లటి జిగురు అంటింది. రుద్ది చూశాను, వాసన చూశాను. గంజి, మన్ను. పట్టించింది కొట్టుకుపోగా మిగిలిన గుడ్డ నా చేతిలో దుప్పటిలా వేలాడింది.

భూతద్దం పెట్టాను. ఊపిరి తగిలితే అద్దం మీద మంచు పేరుకుంటుంది. ఊపిరి బిగబట్టి అంగుళం లెక్కపెట్టాలి. కొస దగ్గర ముప్పై. అక్కడ నా నీలం గీత, పక్కన నా అంకె ఇంకా ఉన్నాయి. నాలుగు అడుగులు లోపలికి జరిగి లెక్కపెట్టాను. ఇరవై ఏడు. ఇంకో చోట ఇరవై ఏడు. ఒకచోట ఇరవై ఎనిమిది. మళ్ళీ ఇరవై ఏడు. పదకొండు చోట్ల చూశాను.

అక్కడ పెన్ను రాయదు, సిరా గడ్డకడుతుంది. పెన్సిలుతో అట్టముక్క మీద లెక్క వేశాను. నేను గీత గీసిన లెక్కన నలభై, ముప్పై కలిపితే డెబ్బై. నలభై, ఇరవై ఏడు కలిపితే అరవై ఏడు. నూలు నూటికి తొంభై రెండు వంతులు ఉండాల్సిన చోట ఎనభై ఎనిమిది ఉంది. మిగిలిన పన్నెండూ గంజి. తూకం గ్రాము తేడా లేకుండా సరిపోయింది. ఎవరో నా లెక్కను నాకంటే బాగా నేర్చుకుని, దాన్ని తిరగేసి నేశారు.

అప్పుడే మల్లేశం వచ్చి పక్కన కూర్చున్నాడు. అతను కొత్త కప్పు కుడుతున్నాడు. ఆ గుడ్డ కూడా అదే సాంచాల మీద, అదే నెలలో దిగింది.

“ఎంతొచ్చింది బావ?”

నేను అట్టముక్క జేబులో పెట్టుకున్నాను. “సరిగ్గనె ఉన్నది.”

“నాకెందుకో గుడ్డ పల్చగ కొడ్తున్నది. దబ్బనం దిగుతుంటె సప్పుడు లేదు. మన కాల్హేర్ల తాడిపత్రిల దిగితె టప్పుమంటది గద.”

“చలికి గట్లనె అనిపిస్తది. చేతులు మొద్దువారినయి.”

“గట్లనా?”

“గట్లనె. పదకొండు తావుల లెక్కవెట్టిన.”

“అయితె గాలికె చినిగింది,” అని లేచి పోయాడు.

నేను ఎందుకలా అన్నానో చాలాసార్లు విడదీసి చూసుకున్నాను. ఆ నాలుగు సాంచాలు మావాళ్ళవి, వాటి మీద మూడు కుటుంబాలు బతుకుతున్నాయి. అది ఒక కారణం. సేఠ్ ఉప్పు తింటున్నాను, అది రెండోది. ఈ రెండూ చెప్పుకోవడానికి బాగుంటాయి. అసలుది మూడోది. నర్సయ్య లెక్క తప్పింది అనే మాట నా నోటితో, అందులోనూ మల్లేశంతో అనలేకపోయాను. చిన్నప్పటి నుంచి అతను నన్ను లెక్కల మనిషిగా చూశాడు.

నూట ఇరవై

ఆ మధ్యాహ్నం నాయకుడు పిలిచాడు. హిందీలో అడిగాడు: “పోయినసారి గంటకు అరవై మైళ్ళ గాలికి చిరిగిందని మా దగ్గర రాసి ఉంది. ఇక్కడ తొంభై, వంద కూడా వస్తుంది. గుడ్డలో లోపం ఉంటే చెప్పండి. ఇవాళే సామాను మోసుకుని ఇనుప గదికి పోతాం. పని పోతే పోయింది.”

ఆయన అంత సూటిగా అడిగాడు. నేను గుడ్డ సరైనదే అన్నాను. గాలి పక్క రెండో పొర వేసి కుడితే చాలన్నాను. ఒక పొర అరవైకి ఆగితే రెండు పొరలు నూట ఇరవైకి ఆగుతాయని అట్టముక్క వెనక వేసి చూపించాను. ఆయన దాన్ని చూసి తలూపాడు. ఆయన రాళ్ళు చదివినవాడు, గుడ్డ నాకు తెలుసని నమ్మాడు.

ఆ లెక్క కూడా తప్పే. తిరిగి వచ్చేటప్పుడు ఓడలో ఇంజినీరు ఒకాయన చెప్పాడు. గాలి వేగం రెట్టింపయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. రెండు పొరలు నూట ఇరవైకి కాదు, ఎనభై ఐదు దాకానే ఆగుతాయి. ఏడో తరగతి దాకా చదివినవాడికి అది తెలియకపోవడం తప్పు కాదని ఆయన నన్ను ఓదార్చాడు. మీలో సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకు చెబుతున్నాను. మనకు తెలిసింది ఎంతో మనకు బాగా తెలుసు. అది ఎక్కడ ఆగిపోతుందో మాత్రం మనకు ఎవరూ చెప్పి ఉండరు. అయితే ఆ తెలియనితనం వెనక నేను దాక్కోలేను. గుడ్డ బాగాలేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ లెక్కతో పనే లేదు.

నలభై ఒక్క కుట్లు

ఎనిమిదో రోజు పొద్దున తొమ్మిదింటికి గాలి మొదలైంది. పదకొండింటికి ఎనభై. పన్నెండు కావస్తుంటే గాలి కొలిచే పరికరం తొంభై చూపించింది. గుడారం లోపల అందరం చట్రాన్ని పట్టుకుని కూర్చున్నాం. స్టవ్వు, రేడియో, పడక సంచులు అన్నీ అందులోనే. అది లేచిపోతే ఇనుప గది దాకా ఆ గాలిలో ఎవరూ నడవలేరు.

గాలి పక్క చిరిగింది. మల్లేశం వేసిన కుట్టు తెగలేదు. కుట్టు పక్కన గుడ్డ తెగింది. రెండు పొరలూ ఒకదాని వెంట ఒకటి, కాగితం చింపినట్టు పోతున్నాయి.

“బయటికెళ్ళి కుట్టాలె,” అన్నాడు మల్లేశం. నాయకుడు వద్దన్నాడు. “లోపలినుంచి కుదరది సాబ్, చట్రం అడ్డమొస్తది. నా నడుముకు తాడు కట్టి బావను పట్టుకోమనుండ్రి.”

నేను తాడు పట్టుకుని చిరుగు పక్కన మోకాళ్ళ మీద ఉన్నాను. అతను బయట, నా నుంచి రెండడుగుల దూరంలో. మందపు తొడుగులతో దబ్బనం పట్టుబడటం లేదు. పళ్ళతో లాగి తొడుగులు తీసేశాడు. ఎగిరొచ్చే మంచు చేతుల మీద కరిగి, తడిసి, మళ్ళీ గడ్డకడుతోంది. నేను గడియారం చూశాను. అది నా అలవాటు. పదమూడు నిమిషాలప్పుడు లోపలికి రమ్మన్నాను.

“కుట్టిన కాడ మల్ల పక్కన పోతున్నది బావ. దూరం దూరం వెయ్యాలె.”

“రా మల్లేశం.”

“వేళ్ళు నావి గానట్టున్నయి. గదే మంచిగున్నది, నొప్పి లేదు.”

ఇరవై ఎనిమిదో నిమిషంలో దబ్బనం చేతిలోంచి జారింది. అది జారిన సంగతి అతనికి తెలియలేదు. ఖాళీ వేళ్ళతో రెండు కుట్లు వేశాడు. నేను అరిచి చెప్పాను. ఇంకో దబ్బనం అందించాను. దాన్ని వేళ్ళతో కాక రెండు అరచేతుల మధ్య పట్టుకుని నెట్టాడు. మొత్తం ఒక గంటా పది నిమిషాలు. నలభై ఒక్క కుట్లు. గుడారం నిలబడింది. సాయంత్రానికి గాలి తగ్గింది. ఎనిమిది మందిమీ బతికి ఉన్నాం.

అతని చేతులు తెల్లగా, మైనంలా ఉన్నాయి. ఒకదానికొకటి తగిలితే కర్ర చప్పుడయింది. ఓడలోని డాక్టరు రెండు వారాలు చూసి, కుడిచేతి నాలుగు వేళ్ళు, ఎడమచేతి రెండు వేళ్ళు తీసేశాడు. తీసేముందు మల్లేశం నన్నడిగాడు: “కుడి బొటనవేలు ఉంటది గద? బొటనవేలుంటె దబ్బనం పట్టొచ్చు.” ఉంటుందన్నాను. ఆ చేత్తో దబ్బనం పట్టడానికి ఇంకో వేలు కూడా కావాలని ఇద్దరికీ తెలుసు.

నాయకుడు నివేదిక అడిగితే, గుడ్డ చిరగడానికి కారణం గాలి అని రాసిచ్చాను. ఆయన చదివి సంతకం పెట్టాడు. సేఠ్ దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు.

తర్వాత

ఈ భాగంలో మీకు ధైర్యం చెప్పే మాట ఏదైనా ఉంటుందేమోనని నేనూ వెతికాను. ఆ నాలుగు సాంచాలవాళ్ళను పోయి నిలదీశాను. వాళ్ళలో పెద్దాయన దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. “మేం నూలు తక్కువేసినం. నువ్వు రెండు పిక్కులు మాఫ్ చెయ్యకపోతివా? నువ్వు రెండు దొబ్బితె మేం మూడు దొబ్బినం,” అన్నాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆయన ఆ సాంచాలను తుక్కు కింద అమ్మేశాడు. తక్కువ పిక్కుల గుడ్డ నేయడం వల్ల కాదు, ఎన్ని పిక్కులు నేసినా గిట్టక. తాకాలు విప్పి మధ్యలో చూడాలని నేను పట్టుబట్టాను. రోజుకు అరవై చూసేవాణ్ణి పద్దెనిమిది చూడసాగాను. మిగతా నలభై రెండూ గోదాంలో ఇంకొకరు తూకం వేసి పంపేవారు, నా లెక్కతోనే. నేను కనిపెట్టినదాన్ని ఆపడం నా చేతిలో లేకపోయింది. ఇప్పుడు కూడా కాల్హేర్‌లో అలాగే చూస్తున్నారు. మీకూ అదే నేర్పుతారు. మధ్యలో విప్పి చూడండి అని చెప్పగలను. చూస్తే ఉద్యోగం ఉంటుందని చెప్పలేను.

మల్లేశం ఒక గోదాంకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ప్రతి ఆదివారం వాళ్ళింటికి పోయి అతనితో కలిసి అన్నం తినేవాణ్ణి. అతని భార్య కలిపి పెడితే చెంచాను బొటనవేలికి, అరచేతికి మధ్య ఇరికించుకుని తినేవాడు. గల్లీలో అతనికి గాలి మల్లేశం అని పేరు పెట్టారు. ఎవరైనా అడిగితే ఆ రోజంతా చెప్పేవాడు. “గాలంటె మీరు అనుకునే గాలి గాదు. మనిషి మీద పగవట్టిన గాలి,” అనేవాడు. తిట్టేవాడు కూడా. మనిషిని తిట్టినట్టు, తల్లిని ఆలిని కలిపి తిట్టేవాడు. నవ్వేవాళ్ళు నవ్వేవారు. అతనికి కోపం వచ్చేది కాదు.

పోయిన ఏడు ఒక ఆదివారం పక్కింటికి కొత్తగా వచ్చిన ఒకాయన, గుడ్డ నాసిరకందేమో అన్నాడు. మల్లేశం ఊరుకోలేదు. “నీకేం ఎరుక? మా బావ గా చలిల పదకొండు తావుల లెక్కవెట్టిండు. ఒక్క పిక్కు తక్కువ రాలే,” అన్నాడు.

ఏడేళ్ళు నేను వింటూ కూర్చున్న మాటలన్నీ గాలి గురించినవి. నా లెక్క గురించి అతను సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి. పక్కింటాయన వెళ్ళిపోయాక, కంచాల ముందు కూర్చున్నప్పుడు చెప్పేశాను. ఇరవై ఏడు అని చెప్పాను. గంజి సంగతి చెప్పాను. ఆ రోజు నువ్వు వచ్చి అడిగేటప్పటికే నాకు తెలుసని చెప్పాను. ఇనుప గదికి పోతామని నాయకుడు అన్న మాట కూడా చెప్పాను, అది అతనికి తెలియదు.

మల్లేశం చెంచాను కంచంలో పెట్టాడు.

“నేను అడిగితి గద బావ.”

“అడిగినవ్.”

“సప్పుడు లేదని చెప్తి గద.”

“చెప్పినవ్.”

“మరి గిప్పుడెందుకు చెప్పినవ్?” కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. “ఏడేండ్లు గాలిని తిట్టుకుంట బతికిన. మంచిగుండె. గాలి మన గల్లీకి రాదు. నా పక్కన కూసోని తినది. నువ్వొస్తవు. వచ్చే ఐతారం గూడ వస్తవు. అప్పుడు నేనెట్ల చూడాలె నిన్ను?”

లేచి చెయ్యి కడుక్కున్నాను. మరునాడే పని మానేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, నా గీత పడని తాకాలు కూడా గోదాంలోంచి పోతూనే ఉన్నాయి.

ఆ ఆదివారం నేను గడప దాటుతుంటే మల్లేశం వెనక నుంచి పిలిచాడు.

“మా అక్కకు చెప్పినవా?”

“లేదు.”

“చెప్పకు. ఆమెకన్న తిట్టుకోనీకి గాలి ఉండనియ్యి.”

లక్ష్మికి చదవడం రాదు. అందుకే ఇది రాయగలిగాను.